మంచు కరిగే వేళ వాల్‌ఐ చేప

ఉత్తర అమెరికాలో మహా సరస్సుల ప్రాంతానికి చలికాలం దాదాపు అయిదు నెలలు. అక్కడి చిన్నాపెద్దా సరస్సులు చాలావరకు డిసెంబరులో గడ్డకడితే ఏప్రిలు దాకా విడవవు. వాటిమీద మనుషులు నడుస్తారు. గుడిసెలు వేసుకొని, మంచుకు రంధ్రాలు తొలిచి గాలాలు వేస్తారు. మంచు బాగా మందంగా ఉన్నచోట మోటారు బండ్లు కూడా నడుపుతారు. చివరకు ఒకనాడు దక్షిణపు గాలి తిరుగుతుంది. వాన పడుతుంది. తెల్లగా ఉన్న మంచు నల్లబడి, పగిలి, ఒడ్డును విడుస్తుంది. ఆ నీరు ఇంకా వేళ్ళు కొంకర్లు పోయేటంత చల్లగా ఉండగానే, చీకటి పడ్డ తరువాత, ఒడ్డు దగ్గరి గులకరాళ్ళ మీదికి ఒక చేప గుంపులు గుంపులుగా వస్తుంది. దాని పేరు వాల్‌ఐ.

గోదావరికి ఎర్రనీరు తగలగానే పులస ఎదురీదుతుందని మన కోస్తావారికి తెలుసు. ఆ ప్రాంతంవారికి వాల్‌ఐ అటువంటి చేప. అయితే పులస రాకకు గుర్తు వరద. వాల్‌ఐ రాకకు గుర్తు నీటిలోని వెచ్చదనం, అదీ కొద్ది డిగ్రీల తేడా. ఆ కొద్ది డిగ్రీలను కనిపెట్టి బతికినవారు కొందరు. వాటిని లెక్కచేయకుండా పంచాంగం చూసి చట్టాలు చేసినవారు కొందరు. ఈ ఇద్దరికీ మధ్య తగాదా చాలాకాలం నడిచింది. అందులో శాస్త్రజ్ఞులు ఆలస్యంగా ప్రవేశించారు.

ఇంగ్లీషులో వాల్ అంటే గోడ. కాని ఈ పేరుకూ గోడకూ సంబంధం లేదు. కంటిమీద తెల్లని పొర కమ్మినట్లుండే చూపును చెప్పే ప్రాచీన స్కాండినేవియా మాట ఒకటి ఇంగ్లీషులోకి వచ్చి, అరిగి అరిగి ఈ రూపం దాల్చింది. 1818లో న్యూయార్కు శాస్త్రజ్ఞుడు శామ్యూల్ మిచిల్ ఈ చేపను మొదటిసారిగా శాస్త్రరీత్యా వర్ణించినప్పుడు, గాజువంటిది అనే అర్థం వచ్చే లాటిన్ మాటనే దానికి పేరుగా పెట్టాడు. ఇప్పటి శాస్త్రనామం సాండర్ విట్రియస్. కెనడాలో చాలామంది దీనిని పికరెల్ అంటారు. పైక్ అనే పొడుగుమూతి చేపతో దీనికి చుట్టరికం లేదు. ఇది పెర్చి కుటుంబానికి చెందినది. ఒంటిరంగు పసుపు కలిసిన ఆకుపచ్చ, నోటినిండా పళ్ళు, బరువు సాధారణంగా కిలో నుంచి రెండు కిలోలు. అరుదుగా అయిదారు కిలోల చేపలూ దొరుకుతాయి.

దీని జీవితమంతా కంటితో ముడిపడి ఉన్నది. రాత్రి దీపం వేసి చూస్తే పిల్లి కళ్ళు, ఆవు కళ్ళు మెరుస్తాయి. కంటిలోపలి తెరకు చేరువలో అద్దంలా పనిచేసే పొర ఒకటి ఉండడమే అందుకు కారణం. తెరను దాటిపోయిన వెలుగును ఆ పొర వెనక్కు కొడుతుంది కనుక, వెలుగు కంటికి రెండుసార్లు ఉపయోగపడుతుంది. వాల్‌ఐ కంటిలో కూడా ఇటువంటి పొర ఉన్నదని 1944లో మూర్ అనే శాస్త్రజ్ఞుడు వివరంగా చూపించాడు. అప్పుడే పుట్టిన పిల్లలకు ఇది ఉండదు. అవి వెలుగువైపే ఈదుతాయి. పెరిగేకొద్దీ పొర ఏర్పడుతుంది, చేప వెలుగును తప్పించుకోవడం నేర్చుకుంటుంది. కాబట్టి పెద్ద వాల్‌ఐ ఎండపొద్దున లోతున దాగి, సందెవేళ, వేకువన, మబ్బు కమ్మినప్పుడు, అలలు లేచి వెలుగు చెదిరినప్పుడు వేటకు బయలుదేరుతుంది. దాని ఎరగా పనికివచ్చే చిన్నచేపలకు అటువంటి మసక వెలుగులో చూపు ఆనదు. వేటగానికి ఇంతకంటె మంచి సమయం ఏముంటుంది?

వసంతంలో గుడ్లు పెట్టే తీరు కూడా వాతావరణం మీద ఆధారపడినదే. నీరు ఇంచుమించు 6 నుంచి 9 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినప్పుడు ఈ పని ముమ్మరంగా సాగుతుంది. మగచేపలు ముందు వచ్చి కాచుకొని ఉంటాయి. ఆడచేప ఒక రాత్రి వచ్చి, మోకాలి లోతు నీటిలో గుడ్లు వదలి, లోతుకు వెళ్ళిపోతుంది. కిలో బరువుకు అటూ ఇటూగా 50,000 గుడ్లు. గూడు కట్టడం లేదు, కాపలా లేదు. గుడ్లు రాళ్ళ సందులలోకి జారి, అక్కడ ప్రాణవాయువు అందినంతకాలం బతికి ఉంటాయి. నీరు 8, 9 డిగ్రీల దగ్గర నిలిచిపోతే పొదగడానికి మూడు వారాలు పడుతుంది. 13, 14 డిగ్రీలకు పెరిగితే పది రోజులు చాలు. ఈ లెక్క పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని ఉన్నది.

ఒజిబ్వే అనే ఆదివాసి జాతివారు ఈ సరస్సుల మధ్య శతాబ్దాలుగా జీవిస్తున్నారు. వారి భాషలో ఈ చేపను ఒగా అంటారు. చలికాలం చివర తిండి అడుగంటిన వేళ వారికి రెండు పంటలు ఒకేసారి అందేవి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ వరుసగా వచ్చినప్పుడు మేపుల్ చెట్ల నుంచి తీపిరసం కారుతుంది. దానిని కాచి చక్కెర చేసేవారు. ఆ పని ముగియవచ్చే వేళకు సరస్సు మంచు విడుస్తుంది, ఒగా ఒడ్డుకు వస్తుంది. చెట్ల బెరడుతో చేసిన తేలిక దోనె ముందుభాగాన కాగడా కట్టి, ఒకడు దోనె నడుపుతూ ఉండగా, మరొకడు ఈటెతో నిలబడేవాడు. కాగడా వెలుగు పడ్డచోటల్లా నీటిలో కళ్ళు నిప్పుకణికలవలె మెరిసేవి. మూర్ సూక్ష్మదర్శినిలో చూసిన పొర ఫలితాన్ని వారు అంతకు చాలాకాలం ముందే దోనె మీది నుంచి చూశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో వారి గ్రామమొకదానికి ఫ్రెంచి వర్తకులు లాక్ డు ఫ్లాంబో, అంటే కాగడాల సరస్సు, అని పేరు పెట్టారు. ఆ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఒజిబ్వేలు 1837లో, 1842లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకొని విస్తారమైన భూములు వదలుకున్నారు. అయితే ఆ భూములలో వేటాడే హక్కును, చేపలు పట్టే హక్కును వదలుకోలేదు. 1837 ఒప్పందంలో ఈ మాట స్పష్టంగా రాసి ఉన్నది. తరువాత రాష్ట్రాలు ఏర్పడ్డాయి, చట్టాలు వచ్చాయి. గుడ్లు పెట్టే కాలంలో చేపను పట్టరాదని నిషేధం పెట్టి, వేట ప్రారంభానికి మే నెలలో ఒక శనివారం నిర్ణయించారు. రాత్రివేళ ఈటెతో వేట నేరమైంది. ఒప్పందాన్ని అందరూ మరిచారు, చేసుకున్నవారు తప్ప.

ఈ నిషేధంలో తప్పేమీ లేదు. గాలంతో వేటాడేవారు లక్షల సంఖ్యలో ఉన్నప్పుడు గుడ్లతో ఉన్న చేపను కాపాడడం తెలివైన పనే. చిక్కు తేదీతో వచ్చింది. చేపకు తేదీ తెలియదు. మిన్నెసోటాలో వేట ప్రారంభం పండుగవంటిది. 1948 నుంచి ఆ రాష్ట్ర గవర్నరు స్వయంగా గాలం వేసి ప్రారంభించే ఆచారం ఉన్నది. 1965లో వాల్‌ఐని రాష్ట్ర చేపగా ప్రకటించారు కూడా. అదే రాష్ట్రంలోని మిల్ లాక్స్ అనే పెద్ద సరస్సు 2012లో మార్చిలోనే మంచు విడిచింది. మరుసటి ఏడు, 2013లో, వేట మే 11న మొదలైతే ఆ సరస్సు మే 16 వరకు మంచు విడవలేదు. ఒక ఏడు గుడ్లు పెట్టడం ముగిసి చేపలు లోతుకు చెదిరిపోయిన తరువాత వేటగాళ్ళు వచ్చారు. మరుసటి ఏడు పడవలు తెచ్చి మంచు అంచున నిలబడ్డారు.

1974లో విస్కాన్సిన్‌లో ఇద్దరు ఒజిబ్వే సోదరులు తమకు కేటాయించిన ప్రాంతపు సరిహద్దు దాటి ఒక సరస్సులో ఈటెతో చేప పట్టారు. వార్డెన్లు వారిని పట్టుకున్నారు. కేసు పై న్యాయస్థానానికి వెళ్ళింది. పాత ఒప్పందపు హక్కులు చెల్లుతాయని 1983లో తీర్పు వచ్చింది. అది మొదలు ప్రతి వసంతంలోనూ పడవరేవుల వద్ద గుంపులు చేరాయి. 1980 దశకం చివరి సంవత్సరాలలో చీకట్లో చేప పడుతున్న కుటుంబాలపైన రాళ్ళు విసిరారు, జాతిపేరుతో దూషించారు. ఒజిబ్వేలు చేపలన్నిటినీ ఊడ్చేస్తున్నారన్నది గుంపుల మాట. నిజానికి అంత కచ్చితంగా లెక్కపెట్టే వేట అమెరికాలో మరొకటి అరుదు. ప్రతి సరస్సుకూ ఎన్ని చేపలు తీయవచ్చో ముందే నిర్ణయిస్తారు. ఏ రాత్రికి ఆ రాత్రి అనుమతి ఇస్తారు. ఒడ్డుకు వచ్చిన ప్రతి చేపనూ లెక్కించి రాసుకుంటారు. ఈటెకు చిక్కేవి ఎక్కువగా మగచేపలు, ఎందుకంటే ఒడ్డున రోజుల తరబడి కాచుకొని ఉండేవి అవే. కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రం, ఆదివాసి సంఘాలు కలిసి చేయించిన పరిశీలన ఈటెవేట వల్ల చేపల సంఖ్యకు హాని కలగలేదని 1991లో తేల్చింది. 1999లో అమెరికా సుప్రీంకోర్టు మిల్ లాక్స్ సరస్సు విషయంలో కూడా 1837 హక్కులను నిలబెట్టింది; తొమ్మిదిమంది న్యాయమూర్తులలో అయిదుగురు ఒక పక్క, నలుగురు ఒక పక్క.

ఇక గాలంవారి సంగతి. తొలివారాలలో వాతావరణం గంటకొక తీరుగా మారుతుంది కనుక, దానిచుట్టూ నమ్మకాలు పెరగడం సహజం. తుఫాను రాబోయేముందు చేప బాగా తింటుందని, చలిగాలి వచ్చి ఆకాశం తేటపడ్డ తరువాత రెండు రోజులు నోరు విప్పదని అక్కడి వేటగాళ్ళు గట్టిగా చెబుతారు. కారణం అడిగితే భారమితిని చూపుతారు. వాయుపీడనం తగ్గితే చేపకు తెలుస్తుందట. ఈ వివరణను కొంచెం తూచి చూడవచ్చు. ఒక మిల్లిబారు పీడనం ఇంచుమించు ఒక సెంటీమీటరు నీటి బరువుకు సమానం. పెద్ద తుఫానుకు పీడనం 30 మిల్లిబార్లు తగ్గిందనుకుందాం. అంటే అడుగు లోతు నీటి మార్పు. చేప తోక రెండుసార్లు ఆడించి పైకి ఈదితే అంతే మార్పు కలుగుతుంది. రోజంతా పైకీ కిందికీ తిరిగే ప్రాణికి ఇది పెద్ద విశేషం కాదు.

అలాగని వేటగాళ్ళ అనుభవాన్ని తీసిపారేయకూడదు. వారు చూసినది నిజమే కావచ్చు. చెప్పిన కారణం సరిపోదు. తుఫానుముందు మబ్బు కమ్ముతుంది, గాలి లేస్తుంది, నీటిపైన అలలు వెలుగును చెదరగొడతాయి. ఒంటారియోలో పనిచేసిన రైడర్ 1977లో ప్రచురించిన పరిశీలనలలో వాల్‌ఐ చురుకుదనం వెలుగు హెచ్చుతగ్గులను అనుసరించి మారుతున్నదని చూపాడు. గాలి మరొక మేలు కూడా చేస్తుంది. మే నెలలో సరస్సు పైనీరు మాత్రమే కొద్దిగా వెచ్చబడి ఉంటుంది. గాలి ఆ వెచ్చని నీటిని ఎదుటి ఒడ్డుకు నెడుతుంది. అక్కడ మట్టి కదిలి నీరు బురదగా మారుతుంది, చిన్నచేపలు చేరుతాయి, వాటి వెనుక వాల్‌ఐ వస్తుంది. అందుకే పాతకాపులు గాలి తగిలే ఒడ్డునే ఎన్నుకుంటారు, చేతులు గడ్డకట్టినా సరే. చలిగాలి వెళ్ళిన మరునాడు ఆకాశం నిర్మలం, నీరు నిశ్చలం, ఎండ లోతుదాకా దిగుతుంది; పైగా నీరు మళ్ళీ చల్లబడి చేప ఒంట్లో జీర్ణక్రియ మందగిస్తుంది. సీసపుగుండు గాలానికి చిన్నచేపను గుచ్చి, నేలను తాకిస్తూ నిదానంగా లాగడం అప్పటి ఉపాయం. తొందరగా లాగితే ఆ చలిలో అది వెంటపడదు.

ఈరీ సరస్సులో పరిస్థితి వేరు. అయిదు మహా సరస్సులలో లోతు తక్కువైనది అదే; దాని పడమటి భాగం సగటున ఏడెనిమిది మీటర్లకు మించదు. నైరుతి నుంచి ఈశాన్యానికి పొడుగ్గా సాగిన ఈ పళ్ళెంలో బలమైన గాలి వీస్తే నీరంతా ఒక కొసకు ఒరిగి, రెండు కొసల మట్టాలకు రెండు మీటర్లకు మించిన తేడా వస్తుంది. పడమటి భాగంలోని రాతిగట్లు, అందులో కలిసే మామీ, శాండస్కీ నదులు వాల్‌ఐకి పురిటిళ్ళు. మామీ నదిలో మార్చి, ఏప్రిలు నెలల్లో వేలమంది నడుములోతు నీటిలో నిలబడి గాలాలు వేస్తారు. ఓహైయో రాష్ట్రం ఇక్కడ గుడ్లకాలంలోనే వేటను అనుమతించింది, కాని వసంతంలో రాత్రివేట నిషేధం. గాలం నోటిలోపల తగిలిన చేపనే ఉంచుకోవాలి, ఒంటికి తగిలినది వదలివేయాలి.

వల వ్యాపారులకు 1956 గొప్ప సంవత్సరం. ఆ ఏడు ఈరీ సరస్సులో ఇంచుమించు 70 లక్షల కిలోల వాల్‌ఐ పట్టారు. ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. 1960 దశకంలో పట్టుబడి అందులో పదోవంతుకు దిగిపోయింది. వాల్‌ఐకి దగ్గరి బంధువైన నీలి పైక్ అనే చేప 1958 నాటికి వలలలో దాదాపు కనిపించకుండాపోయి, 1983లో అంతరించినట్లు ప్రకటించబడింది. అది వేరే జాతా, లేక వాల్‌ఐలోనే ఒక రంగు భేదమా అన్న చర్చ తరువాతి జన్యు పరీక్షలతో లేచింది గాని, వలకు ఇప్పుడు రెండూ ఒకటే, అది రాదు.

ఎందుకిట్లా జరిగింది? అతివేట ఒక కారణమని అందరూ ఒప్పుకున్నారు. నీరు చెడిపోవడం మరొకటి. పట్టణాల మురుగు, పొలాల ఎరువు, బట్టలుతికే పొడులలోని భాస్వరం సరస్సులో కలిసి నాచు విపరీతంగా పెరిగింది. అది చచ్చి అడుగున కుళ్ళితే ప్రాణవాయువు తరిగిపోతుంది. అయితే పడమటి భాగం నిస్సారంగా ఉంటుంది కనుక గాలి దానిని చిలికి ఎప్పటికప్పుడు ప్రాణవాయువును అడుగుకు చేరవేస్తూ వచ్చింది. 1953 వేసవి చివర కొద్ది రోజులు గాలి ఆగింది. ఎండ కాచింది. పైనీరు వేడెక్కి తేలింది, అడుగునీరు కదలలేదు. ఆ కొద్ది రోజుల్లో అడుగుబురదలో నివసించే మేఫ్లై పురుగులు కుప్పలుగా చచ్చాయి. అంతకుముందు జూన్ నెలలో రెక్కలు వచ్చి లేచినప్పుడు వీధుల్లో పారలతో ఎత్తిపోసేటన్ని ఉండే ఈ పురుగులు ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ భాగంలో తిరిగి నిలదొక్కుకోలేదు. సరస్సు జబ్బును ఏళ్ళ తరబడి గాలి కప్పిపుచ్చినదని, గాలి ఆగిన వారంలోనే అది బయటపడ్డదని శాస్త్రజ్ఞులకు అర్థమయింది.

చేపల లెక్కలో మరొక విచిత్రం ఉన్నది. దాని మూలం నార్వేలో దొరికింది. హెర్రింగ్ చేపలు కొన్ని ఏళ్ళు విస్తారంగా, కొన్ని ఏళ్ళు అరుదుగా దొరకడానికి కారణం వెదకుతూ యోహాన్ యోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు చేపల పొలుసులమీది వలయాలను లెక్కించాడు. చెట్టు మానులో ఏటికొక వలయం ఉన్నట్లే పొలుసుమీద కూడా ఉంటుంది. పట్టుబడిన హెర్రింగులో సంవత్సరాల తరబడి సగానికి పైగా 1904 ఒక్క ఏట పుట్టినవే! ముందు ఏళ్ళవీ తరువాతి ఏళ్ళవీ నామమాత్రం. అంటే చేపల సమృద్ధి ఏటేటా సమానంగా పుట్టి పెరిగేది కాదు. ఎప్పుడో ఒక ఏడు పిల్లలు అసంఖ్యాకంగా బతికి, ఆ ఒక్క తరమే వలలను ఏళ్ళపాటు నింపుతుంది. 1914లో యోర్ట్ ప్రకటించిన ఈ భావం మత్స్యశాస్త్రాన్ని మలుపు తిప్పింది. మహా సరస్సులలో వాన్ ఊస్టెన్ మొదలైనవారు 1920 దశకంలో పొలుసుల పద్ధతిని పరీక్షించి స్థిరపరిచారు.

ఇక మిగిలిన ప్రశ్న, మంచి ఏడు అంటే ఏది? ఈరీ సరస్సులో 1960 నుంచి 1970 వరకు పుట్టిన వాల్‌ఐ తరాలను బుష్, షోల్, హార్ట్‌మన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పరిశీలించి 1975లో ప్రచురించారు. తల్లిచేపలు ఎక్కువగా ఉన్న ఏట పిల్లలు ఎక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. వారికి కనిపించినది అది కాదు. వసంతంలో నీరు ఎంత చురుకుగా, ఆగకుండా వేడెక్కిందన్న దానినిబట్టి పిల్లల సంఖ్య మారింది. ఇంతకుముందు చెప్పిన పొదుగు లెక్క ఇక్కడ పనికివస్తుంది. నీరు వేగంగా వేడెక్కితే గుడ్డు పది రోజుల్లో పగులుతుంది. చలిగాలి మళ్ళీ మళ్ళీ వచ్చి నీటిని వెనక్కు లాగితే మూడు వారాలకు పైగా గుడ్డు రాతిమీదే పడి ఉండాలి. ఆ రోజుల్లో ఒక్క పెద్ద గాలి వస్తే చాలు, అల రాతిగట్టును ఊడ్చి గుడ్లను మెత్తని బురదలోకి విసురుతుంది. 1990 దశకంలో పరిశోధకులు గట్లమీద గుడ్లను గాలికి ముందూ తరువాతా లెక్కపెట్టి ఈ నష్టాన్ని కళ్ళారా చూశారు.

ఇది తెలిసిన తరువాత ప్రమాదకరమైన ఆలోచన ఒకటి పుట్టవచ్చు: అంతా వాతావరణమే అయితే మనం ఎంత పట్టినా ఏమిటి? మిన్నెసోటాలోని రెడ్ లేక్ దీనికి సమాధానం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, ఆహారం కోసం అక్కడ వలలతో వ్యాపారపు వేట ప్రారంభించారు. దశాబ్దాలు గడిచేసరికి తల్లిచేపలు దాదాపు మిగలలేదు. 1990 దశకంలో వసంతాలు వచ్చి పోయాయి. మంచి వసంతాన్ని వాడుకోవడానికి గుడ్లు లేవు. 1999లో రెడ్ లేక్ ఒజిబ్వేలు, రాష్ట్రం కలిసి వేటను పూర్తిగా ఆపారు. కోట్ల సంఖ్యలో పిల్లలను వదిలారు. 2006లో వేట తిరిగి మొదలయింది. వాతావరణం వరమిస్తే అందుకొనే చేతులు ఉండాలి కదా.

ఈరీ సరస్సును రక్షించినది ముందుచూపు కాదు, విషం. 1970లో ఆ ప్రాంతపు చేపల్లో పాదరసం ఎక్కువగా ఉన్నదని ఒంటారియోలో చదువుకుంటున్న నార్వే విద్యార్థి నోర్వాల్డ్ ఫిమ్రైటె పరీక్షలు బయటపెట్టాయి. క్లోరిన్ తయారుచేసే కర్మాగారాల వ్యర్థం ద్వారా పాదరసం నీటిలో కలిసింది. సెంట్ క్లెయిర్ సరస్సులోనూ ఈరీ పడమటి భాగంలోనూ వాల్‌ఐ వ్యాపారాన్ని ఆ వసంతంలోనే మూసివేశారు. తినడానికి పనికిరాదని వదిలేసిన చేప పిల్లలను పెట్టుకొని పెరిగింది. 1972లో అమెరికా, కెనడాలు నీటి శుభ్రతకు ఒప్పందం చేసుకొని భాస్వరాన్ని తగ్గించడం ప్రారంభించాయి. 1976 నుంచి సరస్సు చుట్టూ ఉన్న ప్రభుత్వాలు ఏటేటా ఎన్ని చేపలు పట్టవచ్చో కూడబలుక్కొని పంచుకుంటున్నాయి. ఇంతలో 1982 వసంతం బాగా కలిసివచ్చింది. ఆ ఏటి తరం ఒక్కటే ఏళ్ళపాటు గాలాలను, వలలను నింపింది. 2003 తరం కూడా అటువంటిదే. దాని తరువాత చాలా ఏళ్ళు చెప్పుకోదగ్గ తరం పుట్టక, పదేళ్ళు దాటిన చేపలే వేటకు ఆధారమయ్యాయి. మళ్ళీ 2015లో, 2018లో, 2021లో పెద్ద తరాలు వచ్చాయి.

ఇప్పుడు వసంతమే మారుతున్నది. సరస్సులు మంచు విడిచే రోజు ముందుకు జరుగుతున్నది. చేప కూడా అంత ముందుగా గుడ్లు పెడితే చిక్కు లేదు. కాని ఉత్తర అమెరికా మధ్యభాగపు సరస్సుల పాత రికార్డులను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మంచు విడిచే రోజు జరుగుతున్న వేగంలో గుడ్లు పెట్టే రోజు ఇంచుమించు మూడోవంతు వేగంతోనే జరుగుతున్నట్లు తేలింది. మంచు కరిగి ఎండ తగలగానే నీటిలో సూక్ష్మమైన మొక్కలు, వాటిని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల వాల్‌ఐ పిల్లకు అవే తొలి ఆహారం. పిల్ల కళ్ళు తెరిచేసరికి ఆ విందు ముగిసిపోయి ఉంటే, వసంతం ఎంత వెచ్చగా ఉన్నా లాభం లేదు. అతిముందుగా గాని అతి ఆలస్యంగా గాని మంచు విడిచిన ఏళ్ళలో పిల్లలు తక్కువగా బతికినట్లు కూడా అదే అధ్యయనం చెబుతున్నది.

ఈరీ సరస్సు చుట్టూ ఉన్న ప్రభుత్వాల ప్రతినిధులు ఏటా మార్చి నెలాఖరు ప్రాంతంలో సమావేశమై ఆ సంవత్సరపు వాటాలు నిర్ణయిస్తారు. ఆ సమయానికి చేపలు రాతిగట్ల వైపు బయలుదేరుతూ ఉంటాయి. వాటి గుడ్లలో ఎన్ని నిలిచాయో ఆగస్టులో పడమటి భాగంలో పరీక్షా వలలు లాగినప్పుడు తెలుస్తుంది. వేలెడంత పిల్లలను బల్లమీద పోసి లెక్కపెట్టి, పాత సంవత్సరాల సంఖ్యల పక్కన రాసుకుంటారు. ఆ పిల్లలు ఓహైయో చట్టం ఒప్పుకొనే 15 అంగుళాల పొడవుకు చేరడానికి సుమారు రెండేళ్ళు పడుతుంది.